సూత్రం వచ్చు, లెక్క రాదు: చలనం, బలం లెక్కల్లో మీ పిల్లలకి ఇంట్లో తోడుండటం ఎలా?



తొమ్మిదో తరగతి మొదటి యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి వచ్చాక పీటీఎంలో మేం ఎక్కువగా వినే మాట ఒకటుంది. "ఫార్ములాలన్నీ గడగడా అప్పజెబుతున్నాడు టీచర్, నేనే దగ్గర కూర్చుని విన్నాను. మరి ఫిజిక్స్‌లో మార్కులెందుకు రాలేదు?" పిల్లవాడు కష్టపడలేదని కాదు, మీరు శ్రద్ధ పెట్టలేదని కూడా కాదు. సూత్రం గుర్తుండటం ఒక పని, లెక్క చేయడం ఇంకో పని. పులిహోరలో ఏమేం వేస్తారో చెప్పగలిగిన వాళ్లందరికీ పులిహోర కలపడం రాదు కదా! ఇదీ అంతే.

ఎనిమిదో తరగతి వరకు సైన్స్ చాలావరకు చదివి రాసే సబ్జెక్టు. తొమ్మిదిలో మోషన్, ఫోర్స్ అండ్ లాస్ ఆఫ్ మోషన్, గ్రావిటేషన్ అనే మూడు పాఠాలతో అది ఒక్కసారిగా ఆలోచించి లెక్క కట్టే సబ్జెక్టు అయిపోతుంది. ఇక్కడ రెండు మూడు టెస్టుల్లో దెబ్బతిన్న పిల్లలు "నాకు ఫిజిక్స్ రాదు" అని తమకు తామే తీర్పు చెప్పేసుకుంటారు. పది పూర్తయ్యాక గ్రూపు ఎంచుకునేటప్పుడు ఆ తీర్పే పనిచేస్తుంది. పోనీ బైపీసీ తీసుకుంటే ఫిజిక్స్ వదులుతుందా అంటే, నీట్‌లో 720 మార్కులకి 180 మార్కులు ఫిజిక్స్‌వే. కాబట్టి ఈ మూడు పాఠాల దగ్గర పిల్లలు భయపడకుండా చూడటం చాలా ముఖ్యం. అందులో మీ సాయం కూడా కావాలి. ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

మీ తెలుగు మీడియం చదువు ఇక్కడ పనికొస్తుంది

"మేం తెలుగు మీడియంలో చదివాం, వాళ్ల పుస్తకం మాకు అర్థం కాదు" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ మీరు హైస్కూల్లో చదివిన పాఠమే ఇది, పేర్లు మాత్రమే మారాయి. మీ వడి వాళ్ల స్పీడ్. మీ వేగం వాళ్ల వెలాసిటీ. స్థానభ్రంశం డిస్‌ప్లేస్‌మెంట్, త్వరణం యాక్సిలరేషన్, ద్రవ్యరాశి మాస్, బలం ఫోర్స్, ఘర్షణ ఫ్రిక్షన్, జడత్వం ఇనర్షియా, ద్రవ్యవేగం మొమెంటమ్, అభిలంబ బలం నార్మల్ ఫోర్స్.

పైగా తెలుగు మాటల్లో అర్థం పైకే కనిపిస్తుంది. స్థానభ్రంశం అంటే ఉన్న చోటు నుంచి జరగడం. పొద్దున ఇంటి నుంచి వాకింగ్‌కి వెళ్లి మూడు కిలోమీటర్లు నడిచి తిరిగి ఇంటికే వస్తే, నడిచిన దూరం మూడు కిలోమీటర్లు, స్థానభ్రంశం సున్నా. ఈ తేడా ఇంగ్లిష్ నిర్వచనం బట్టీపట్టిన పిల్లలకంటే, తెలుగులో ఒకసారి మాట్లాడుకున్న పిల్లలకి బాగా గుర్తుంటుంది.

ప్రశ్నలో దాక్కున్న మాటలు

చాలా తప్పులు లెక్కలో కాదు, ప్రశ్న చదవడంలోనే జరుగుతాయి. ఫిజిక్స్ ప్రశ్నల్లో కొన్ని మాటలు చూడటానికి మామూలుగా ఉంటాయి, కానీ వాటిలో ఒక అంకె దాక్కుని ఉంటుంది. వీటిని ఒక కాగితం మీద రాసి చదువుకునే టేబుల్ దగ్గర అంటించండి.

- "స్టార్ట్స్ ఫ్రమ్ రెస్ట్" అంటే తొలి వేగం సున్నా.
- "కమ్స్ టు రెస్ట్" అంటే తుది వేగం సున్నా.
- "యూనిఫామ్ వెలాసిటీ" అంటే త్వరణం సున్నా, ఫలిత బలం కూడా సున్నా.
- "డ్రాప్డ్" అంటే ఊరికే వదిలేశారు, తొలి వేగం సున్నా. "త్రోన్" అంటే విసిరారు, తొలి వేగం ఉంది.
- "స్మూత్ సర్ఫేస్" అంటే ఘర్షణ లెక్కలోకి తీసుకోవద్దు.
- "మాగ్జిమం హైట్" అంటే అక్కడ వేగం ఒక్క క్షణం సున్నా. త్వరణం మాత్రం సున్నా కాదు.

చివరి దాన్ని మీరే అడిగి చూడండి. "పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తులో ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత?" అంటే చాలామంది పిల్లలు సున్నా అంటారు. త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే గాల్లో నిలబడిపోవాలి. అది కిందికి వస్తోందంటే భూమి దాన్ని లాగుతూనే ఉంది. అంటే పైకి వెళ్లేటప్పుడు, శిఖరం దగ్గర, దిగేటప్పుడు, మూడు చోట్లా త్వరణం ఒకటే: సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు, కిందివైపు.

కాలిక్యులేషన్‌కి ముందు ఐదు పనులు

మా క్లాసులో ప్రతి లెక్కకీ ఈ ఐదు పనులు చేయిస్తాం. ఇంట్లో కూడా ఇదే వరస పాటిస్తే పిల్లలకి రెండు పద్ధతుల గందరగోళం ఉండదు.

ఒకటి, ప్రశ్నని కథలాగా సొంత మాటల్లో చెప్పాలి. తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా, కలిపి చెప్పినా సరే. చెప్పలేకపోతే ఇంకోసారి చదవాలి.

రెండు, బొమ్మ గీయాలి. అందంగా ఉండక్కర్లేదు. బండి అంటే ఒక డబ్బా, అది వెళ్లే వైపు ఒక బాణం గుర్తు చాలు.

మూడు, తెలిసినవి, తెలియాల్సినవి యూనిట్లతో సహా పట్టికగా రాయాలి. వేగం గంటకి కిలోమీటర్లలో ఉంటే సెకనుకి మీటర్లలోకి మార్చేయాలి. గంటకి 18 కిలోమీటర్లు అంటే సెకనుకి 5 మీటర్లు. ఈ ఒక్కటి గుర్తుంటే 36 అంటే 10, 54 అంటే 15, 72 అంటే 20 అని నోటితోనే చెప్పేయొచ్చు.

నాలుగు, ఏ దిక్కు ప్లస్సో, ఏ దిక్కు మైనస్సో ముందే నిర్ణయించుకుని పేజీ మీద రాయాలి. లెక్క మధ్యలో మార్చకూడదు.

ఐదు, ఇప్పుడు సూత్రం ఎంచుకోవాలి. చలన సమీకరణాలు మూడే. పిల్లలు నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు, ఇక్కడ మాటల్లో చెబుతున్నాను.

- తుది వేగం = తొలి వేగం + త్వరణం × కాలం
- స్థానభ్రంశం = తొలి వేగం × కాలం + సగం × త్వరణం × కాలం వర్గం
- తుది వేగం వర్గం = తొలి వేగం వర్గం + 2 × త్వరణం × స్థానభ్రంశం

ఎంచుకోవడానికి ఒక చిన్న కిటుకు. ప్రశ్నలో ఏది ఇవ్వలేదో, ఏది అడగలేదో చూడాలి. కాలం ప్రసక్తే లేకపోతే మూడోది. తుది వేగం ప్రసక్తి లేకపోతే రెండోది. దూరం ప్రసక్తి లేకపోతే మొదటిది. ఇంకో హెచ్చరిక: త్వరణం మారకుండా ఉన్నప్పుడే ఈ మూడూ పనిచేస్తాయి. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్లే ఆటోకి మొత్తం ప్రయాణమంతటికీ కలిపి వీటిని వాడితే జవాబు తప్పే వస్తుంది.

మొదటి లెక్క: బైక్, గేదె, 20 మీటర్లు

ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోడ్డు మీద రెండు బైకుల మీద వెళ్తున్నారు. ఒకరి వేగం గంటకి 36 కిలోమీటర్లు, ఇంకొకరిది 54. సరిగ్గా 20 మీటర్ల దూరంలో ఒక గేదె రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడింది. చూసి బ్రేక్ మీద చెయ్యి వేయడానికి ఇద్దరికీ ఒక సెకను పట్టింది అనుకుందాం. బ్రేకు పడ్డాక ఇద్దరి వేగం ప్రతి సెకనుకీ సెకనుకి 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఏం జరుగుతుంది?

మొదటి కుర్రాడి వేగం సెకనుకి 10 మీటర్లు. బ్రేకు వేసేలోపు ఆ ఒక్క సెకనులో 10 మీటర్లు వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడో సమీకరణం. తుది వేగం సున్నా, తొలి వేగం 10, త్వరణం మైనస్ 5.

0 = 100 − 2 × 5 × దూరం
దూరం = 10 మీటర్లు

మొత్తం 10 + 10 = 20 మీటర్లు. గేదె ముందు సరిగ్గా ఆగిపోయాడు.

రెండో కుర్రాడి వేగం సెకనుకి 15 మీటర్లు. బ్రేకు వేసేలోపే 15 మీటర్లు అయిపోయాయి. మిగిలింది 5 మీటర్లు. ఆ 5 మీటర్లలో వేగం ఎంత తగ్గింది?

తుది వేగం వర్గం = 225 − 2 × 5 × 5 = 175
తుది వేగం = సెకనుకి సుమారు 13.2 మీటర్లు

అంటే గంటకి దాదాపు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నాడు. ఇంకోసారి చూడండి. మొదటివాడు పూర్తిగా ఆగిపోయిన చోటే రెండోవాడు గంటకి 48 కిలోమీటర్ల వేగంతో ఉన్నాడు. ఇద్దరికీ తేడా గంటకి 18 కిలోమీటర్లే. "కొంచెం స్పీడ్‌గా వెళ్లాను, కొంచెం గట్టిగా తగిలేది" అనే లెక్క రోడ్డు మీద పనికిరాదు. ఎందుకంటే బ్రేకు పడ్డాక ఆగే దూరం వేగాన్ని బట్టి కాదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు అయితే బ్రేకు దూరం నాలుగింతలు. గంటకి 72 కిలోమీటర్లకి ఇదే లెక్క కట్టి చూడండి: 20 మీటర్లు ఆలోచనలో, 40 మీటర్లు బ్రేకు మీద, మొత్తం 60.

ట్యూషన్‌కి వెళ్లడానికి స్కూటీ అడిగే వయసు ఇదే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. చట్టం మాట అలా ఉంచినా, "వద్దు" అని పది సార్లు చెప్పేకన్నా ఈ లెక్క ఒక్కసారి వాళ్ల చేతే చేయించండి. జవాబు వాళ్ల పెన్నుతోనే వస్తుంది కాబట్టి ఆ మాట నిలబడుతుంది. అదే పేజీలో ఇంకో ప్రశ్న కూడా వేయండి: గంటకి 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండు సెకన్లు ఫోన్ చూస్తే కళ్లు మూసుకుని ఎంత దూరం వెళ్లినట్టు? 40 మీటర్లు.

రెండో లెక్క: డాబా మీద నుంచి బంతి

20 మీటర్ల ఎత్తున్న డాబా అంచు దగ్గర నిలబడి బంతిని సెకనుకి 15 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది వీధిలో పడటానికి ఎంతసేపు పడుతుంది? లెక్క తేలిక కోసం గురుత్వ త్వరణం 10 అనుకుందాం.

చాలామంది పిల్లలు దీన్ని రెండు ముక్కలు చేస్తారు. పైకి వెళ్లడానికి 15 ÷ 10 = 1.5 సెకన్లు. ఆ సమయంలో ఎక్కిన ఎత్తు 11.25 మీటర్లు. అక్కడి నుంచి వీధికి 31.25 మీటర్లు. అంత ఎత్తు నుంచి పడటానికి 2.5 సెకన్లు. మొత్తం 4 సెకన్లు. ఇది తప్పు కాదు. కానీ నాలుగు చోట్ల జాగ్రత్తగా ఉండాలి, ఒక్క చోట జారితే అంతా పోతుంది.

దిక్కులు సరిగా రాసుకుంటే ఒకే సమీకరణంలో అయిపోతుంది. పైవైపు ప్లస్ అనుకుందాం. తొలి వేగం ప్లస్ 15. త్వరణం మైనస్ 10. బంతి చివరికి విసిరిన చోటికంటే 20 మీటర్లు కిందికి చేరింది కాబట్టి స్థానభ్రంశం మైనస్ 20.

−20 = 15 × కాలం − 5 × కాలం వర్గం

అన్నిటినీ 5తో భాగించి సర్దితే, కాలం వర్గం − 3 × కాలం − 4 = 0. దీనికి జవాబులు 4, మైనస్ 1. కాలం మైనస్ ఉండదు కాబట్టి 4 సెకన్లు. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. మీ అబ్బాయి ఒక దారిలో చేస్తే "ఇంకో దారిలో చేసి సరిచూడు" అనండి. పరీక్షలో జవాబు కీ ఉండదు, తన జవాబు సరైనదో కాదో తనే తేల్చుకోవడం అలవాటు కావాలి.

బలం లెక్కలు: ముందు బొమ్మ, తర్వాత అంకె

ఐజాక్ న్యూటన్ 1687లో తన 'ప్రిన్సిపియా' గ్రంథంలో మూడు గమన నియమాలు చెప్పాడు. వస్తువు మీద ఫలిత బలం లేకపోతే అది ఉన్న స్థితిలోనే, అంటే నిశ్చలంగానో లేదా సరళరేఖలో ఒకే వేగంతోనో, ఉంటుంది. ఫలిత బలం ఉంటే త్వరణం వస్తుంది, ఫలిత బలం = ద్రవ్యరాశి × త్వరణం. ప్రతి చర్యకీ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది. నియమాలు అందరికీ వచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, మనసులో ఇంకో నియమం ముందే కూర్చుని ఉంటుంది: "కదులుతోందంటే ఎవరో తోస్తున్నట్టే." తోపుడు బండి, సైకిల్, బీరువా, ఏది చూసినా అలాగే అనిపిస్తుంది. తోయడం ఆపితే ఆగిపోవడానికి కారణం ఘర్షణ అని గమనించడానికి మనిషికి వందల ఏళ్లు పట్టింది. గెలీలియో కాలానికి గానీ అది స్పష్టం కాలేదు. కాబట్టి మీ పిల్లలు ఇక్కడ తడబడితే కోప్పడకండి.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఫీల్డర్ విసిరిన క్రికెట్ బంతి గాల్లో ఉంది. దాని మీద ఏ బలాలు పనిచేస్తున్నాయో బాణాలతో గీయమనండి. చాలామంది ముందువైపు "విసిరిన బలం" అని ఒక బాణం గీస్తారు. చెయ్యి వదిలేశాక ఆ బలం లేదు. ఉన్నది కిందికి లాగే భూమి ఆకర్షణ, కొంచెం గాలి నిరోధం, అంతే. "ఈ బలాన్ని ఇస్తున్నది ఎవరు?" అని ప్రతి బాణానికీ అడగండి. ఇచ్చేవాళ్ల పేరు చెప్పలేకపోతే ఆ బాణం కొట్టేయాలి. బలాల బొమ్మల్లో సగం తప్పులు ఈ ఒక్క ప్రశ్నతో పోతాయి.

మూడో లెక్క: లిఫ్ట్‌లో బరువు చూసే మిషన్

40 కిలోల ద్రవ్యరాశి ఉన్న అమ్మాయి లిఫ్ట్‌లో బరువు చూసే మిషన్ మీద నిలబడింది. లిఫ్ట్ సెకనుకి సెకనుకి 1.2 మీటర్ల త్వరణంతో పైకి బయలుదేరింది. మిషన్ ఎంత చూపిస్తుంది?

బొమ్మలో రెండే బాణాలు. భూమి కిందికి లాగే బలం 40 × 9.8 = 392 న్యూటన్లు. మిషన్ పైకి నెట్టే అభిలంబ బలం, అదే మనకి కావాల్సింది. పైవైపు ప్లస్.

అభిలంబ బలం − 392 = 40 × 1.2 = 48
అభిలంబ బలం = 440 న్యూటన్లు

మిషన్ దీన్ని 9.8తో భాగించి కిలోల్లో చూపిస్తుంది: దాదాపు 44.9. నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు అని ఒకే వేగంతో వెళ్లేటప్పుడు త్వరణం సున్నా, కాబట్టి మళ్లీ సరిగ్గా 40. పైఅంతస్తు చేరేముందు అదే లెక్కన వేగం తగ్గుతుంటే లిఫ్ట్ పైకే వెళ్తున్నా త్వరణం కిందివైపు. అప్పుడు 392 − 48 = 344 న్యూటన్లు, అంటే దాదాపు 35.1.

పిల్లలు పడే గొయ్యి ఇక్కడుంది. "లిఫ్ట్ పైకి వెళ్తోంది కాబట్టి బరువు ఎక్కువ" అంటారు. వెళ్లే దిక్కు కాదు, త్వరణం దిక్కు చూడాలి. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే, ముల్లు తిరిగే రకం బరువు మిషన్ ఉంటే, ఒక ఆదివారం పొద్దున లిఫ్ట్ ఖాళీగా ఉన్నప్పుడు చేసి చూడండి. డిజిటల్ మిషన్లలో చాలావాటిలో అంకె ఒకచోట ఆగిపోతుంది కాబట్టి ముల్లు రకమే మంచిది. బయలుదేరేటప్పుడు ముల్లు ముందుకి, మధ్యలో మామూలుగా, ఆగేముందు వెనక్కి జరుగుతుంది. చూశాక ఆ పాఠం మరి చదవక్కర్లేదు.

నాలుగో లెక్క: కదలని బీరువా

80 కిలోల ఇనప బీరువాని 200 న్యూటన్ల బలంతో తోశారు, కదల్లేదు. నేలకీ బీరువాకీ మధ్య ఘర్షణ గరిష్ఠంగా 300 న్యూటన్ల వరకు ఉండగలదు. ఇప్పుడు ఘర్షణ బలం ఎంత?

ఫౌండేషన్ క్లాసుల్లో పిల్లలు వెంటనే 300 అని రాసేస్తారు. రాశాక ఒక్క అడుగు ముందుకెళ్లమనండి. తోసింది 200, ఎదురు 300, ఫలిత బలం మైనస్ 100, దాన్ని 80తో భాగిస్తే త్వరణం మైనస్ 1.25. అంటే మనం తోస్తుంటే బీరువా మన మీదికే రావాలి! అలా ఎక్కడైనా జరుగుతుందా? బీరువా కదల్లేదంటే ఫలిత బలం సున్నా. కాబట్టి ఘర్షణ సరిగ్గా 200 న్యూటన్లు. 250తో తోస్తే 250. గరిష్ఠం దాటాకే కదులుతుంది. ఘర్షణకి 300 అన్నది హద్దు మాత్రమే, ఎప్పుడూ ఉండే విలువ కాదు.

ఈ లెక్కలో నేర్చుకోవాల్సింది ఘర్షణ ఒక్కటే కాదు. జవాబు వచ్చాక "ఇది జరిగే పనేనా?" అని అడగడం. నడిచే మనిషి వేగం సెకనుకి 40 మీటర్లు అని వచ్చినా, బావి లోతు మైనస్ వచ్చినా, అక్కడే ఆగి వెనక్కి వెళ్లాలి.

బరువు, ద్రవ్యరాశి: చంద్రుడి మీద ప్రజ్ఞాన్

బజార్లో "బరువు ఐదు కిలోలు" అంటాం, అది వాడుక. ఫిజిక్స్‌లో కిలోలు ద్రవ్యరాశికి, న్యూటన్లు బరువుకి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అందులోని ప్రజ్ఞాన్ రోవర్ ద్రవ్యరాశి 26 కిలోలు. భూమి మీద దాని బరువు 26 × 9.8 = సుమారు 255 న్యూటన్లు. చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 మాత్రమే, కాబట్టి అక్కడ బరువు సుమారు 42 న్యూటన్లు. ద్రవ్యరాశి మాత్రం శ్రీహరికోటలో ఉన్నా చంద్రుడి మీద ఉన్నా 26 కిలోలే. పిల్లలు బలం అడిగిన చోట కిలోలు రాస్తే, లేదా 9.8తో గుణించడం మర్చిపోతే, ఈ ఉదాహరణ గుర్తుచేయండి.

ఇంట్లో మీరు చేయగలిగింది

లెక్క మీరు చేసి చూపించక్కర్లేదు. పక్కన కూర్చుని ఈ ప్రశ్నలు అడిగితే చాలు.

- కథ ఏంటో చెప్పు, బొమ్మ ఏది?
- ఏవి ఇచ్చారు? దాక్కున్న సున్నా ఎక్కడైనా ఉందా?
- ఏ దిక్కు ప్లస్ అనుకున్నావు?
- ఈ బాణం ఎవరు ఇస్తున్న బలం?
- ఈ జవాబు నిజంగా జరిగే పనేనా?

వారంలో మూడు రోజులు, రోజుకి రెండు లెక్కలు చాలు. ఒకేరోజు ఇరవై లెక్కలు చూసి రాయించడం కంటే, రెండు లెక్కలు తనే తేల్చడం మేలు. పది నిమిషాలు ప్రయత్నించేదాకా గైడు గానీ, యూట్యూబ్ వీడియో గానీ తెరవనివ్వకండి. ఆ పది నిమిషాలు తడుముకున్నాక చూసిన సొల్యూషన్ గుర్తుంటుంది, ముందే చూసింది గుర్తుండదు. చూసిన తర్వాత పుస్తకం మూసి మళ్లీ మొదటి నుంచి చేయించండి.

టెస్ట్ పేపర్ వచ్చినప్పుడు మొత్తం మార్కులకంటే ముందు తప్పులు ఎక్కడ జరిగాయో చూడండి. యూనిట్ మార్చలేదా, మైనస్ పోయిందా, బొమ్మ గీయలేదా, కూడిక తప్పిందా? ఒక్కో రకానికి మందు వేరు. కూడికలో తప్పితే అది ఫిజిక్స్ రాకపోవడం కాదు, ఆ మాట పిల్లలకి మీరే చెప్పాలి. బొమ్మ, ఇచ్చిన విలువలు, సూత్రం, విలువలు వేయడం, యూనిట్‌తో జవాబు, అన్నీ రాస్తే చివరి అంకె తప్పినా స్టెప్ మార్కులు వస్తాయి. జవాబు ఒక్కటే రాసినవాళ్లకి అంకె తప్పితే మిగిలేది ఏమీ ఉండదు.

పక్కింటి పిల్లలతో పోల్చే మాట మాత్రం ఈ పాఠాల దగ్గర అసలు వద్దు. భయపడ్డ పిల్లలు ఆలోచించడం మానేసి సూత్రం వెతుక్కుంటారు.

ఈ నెల ఇంటి లెక్కలు

1. మెట్రో రైలు స్టేషన్ నుంచి బయలుదేరి సెకనుకి సెకనుకి 1 మీటరు త్వరణంతో 20 సెకన్లు వెళ్లింది. అప్పటికి దాని వేగం ఎంత? ఎంత దూరం వెళ్లింది?

2. బావిలోకి రాయి వదిలారు. 2 సెకన్లకి నీళ్లకి తగిలింది. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి? గురుత్వ త్వరణం 9.8 తీసుకోండి.

3. కూరగాయలతో కలిపి 80 కిలోల తోపుడు బండిని నిశ్చల స్థితి నుంచి 100 న్యూటన్ల బలంతో తోశారు. ఘర్షణ 60 న్యూటన్లు. త్వరణం ఎంత? 4 సెకన్ల తర్వాత వేగం ఎంత? అప్పుడు చేతులు తీసేస్తే, అదే ఘర్షణతో బండి ఇంకెంత దూరం వెళ్లి ఆగుతుంది?

4. ఆర్టీసీ బస్సు తిన్నటి రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్ల వేగంతో, వేగం మారకుండా వెళ్తోంది. దాని మీద ఫలిత బలం ఎంత?

జవాబులు: 1. సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు, 200 మీటర్లు. 2. 19.6 మీటర్లు. 3. సెకనుకి సెకనుకి 0.5 మీటర్లు, సెకనుకి 2 మీటర్లు, సుమారు 2.67 మీటర్లు. 4. సున్నా. ఇంజన్ ముందుకి నెట్టే బలం, ఘర్షణ, గాలి నిరోధం సరిగ్గా సరిపోతున్నాయి.

నాలుగో ప్రశ్నకి సున్నా అని చెప్పి, ఎందుకో కూడా మీ పాప గానీ బాబు గానీ వివరించగలిగితే మొదటి గమన నియమం నిజంగా అర్థమైనట్టే. మూడోది ఎక్కడైనా ఆగిపోతే, ఆగిన చోట పెన్సిల్‌తో ఒక గీత గీసి నోట్‌బుక్ స్కూల్‌కి పంపండి. "రాలేదు" అని రాసి పంపినదానికంటే ఆ గీత మాకు ఎక్కువ పనికొస్తుంది. మర్నాడు క్లాసులో అక్కడి నుంచే మొదలుపెడతాం.